హారిక విసిరిన బంతి

టకానిని, ఆక్లాండ్
9 ఫిబ్రవరి 2025

దామోదర్,

ఈ ఇంట్లో మీ అక్క సంవత్సరీకం చేయలేనంటే పామర్‌స్టన్ నార్త్‌లో నీ ఇంట్లో చేయించావు. థాంక్స్ అంటే తిడతావు కాబట్టి అనను.

ఇది ఫోన్లో చెప్పే సంగతి కాదు. ఫోన్లో నేను ఊఁ తప్ప ఏమీ అననని నువ్వే అంటావు. పైగా నీ ఫోనూ నా ఫోనూ హారిక చేతిలోనే తిరుగుతుంటాయి. నాకు పాస్‌వర్డులు మార్చేదీ, నీకు ఆ అప్‌డేట్లేవో పెట్టేదీ అదే. అందుకని కాగితం మీద రాస్తున్నాను. పోస్టు ఈ మధ్య రోజూ రావడం లేదు. ఫరవాలేదు.

సంవత్సరీకం మర్నాడు నేను పంతులుగారిని దింపడానికి వెళ్లినప్పుడు, నువ్వూ హారికా మీ ఇంటి వెనక పార్కులో బంతి విసురుకున్నారు. దాని ఫ్లాట్‌మేట్ ప్రణీత వీడియో తీసింది. మేనమామా మేనకోడలూ సరదాగా ఉన్నారని నాకు పంపింది. దాన్ని చాలాసార్లు చూశాను.

హారికకు బంతి విసరడం నేర్పింది నేను. చెయ్యి చెవి పక్కనుంచి లేవాలి, భుజం పూర్తిగా తిరగాలి, బంతి ఎదుటివాడి ఛాతీకి సూటిగా పోవాలి. అది సాఫ్ట్‌బాల్ ఆడే రోజుల్లో ఆక్లాండ్ అమ్మాయిల్లో అంత శుభ్రమైన చెయ్యి ఇంకొకరికి లేదు. తండ్రిగా కాదు, ఆటగాళ్లను వెతికి ఎంచే స్కౌట్‌గా చెబుతున్నాను. వీడియోలో ఆ చెయ్యి లేదు. మోచెయ్యి సగంలో ఆగిపోతోంది. బంతి మెత్తగా, మోకాలి ఎత్తులో వస్తోంది. ఒకటి నీ దాకా రానే లేదు. మిగతావి నీ గ్లవ్‌కి తగిలి కిందపడ్డాయి. నువ్వు నవ్వుతున్నావు. అదీ నవ్వుతోంది.

ఆ నవ్వు చూసి ఇంకా భయం వేసింది. మొదట్లో మీ అక్క కూడా టీ ఒలికితే అలాగే నవ్వేది.

డాక్టర్ ఆ రోజు మనందరినీ కూర్చోబెట్టి చెప్పింది నీకు గుర్తుండే ఉంటుంది. హంటింగ్టన్ జబ్బు. మెదడులో మొదలై చేతినీ, కాలినీ, మాటనీ ఒకదాని తర్వాత ఒకటి లాక్కుపోతుంది. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు అంది. హారిక వద్దంది. "తెలిసి ఏం చేస్తాను నాన్నా. నువ్వూ ఎప్పుడూ అడగొద్దు" అంది. అడగనని మాటిచ్చాను.

కాబట్టి నేను అడగలేను. నువ్వు చూడు. ఆదివారాలు భోజనానికి నీ దగ్గరికే వస్తుంది. చూసి, ఉన్నది ఉన్నట్టు నాకు రాయి. దానికి తెలియకూడదు.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. రైలు గేటు దగ్గర మళ్లీ రోడ్డు తవ్వారు.

రామలింగేశ్వరరావు

* * *

పామర్‌స్టన్ నార్త్
17 ఫిబ్రవరి 2025

బావా,

డబ్బాలో కరెంటు వాళ్లదీ కౌన్సిల్ వాళ్లదీ కాని కవరు చూసి ఎన్నాళ్లయిందో. నీ దస్తూరి చూడగానే ఎవరికో ఏదో అయిందనుకున్నాను. చదివాక అలా అనుకోవడం పూర్తిగా తప్పు కాదనిపించింది.

ముందు ఒక సవరణ. బంతి జారింది హారిక చేతిలోంచి కాదు, నా చేతిలోంచి. రాసుకో. అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో, ఆటగాడు ఒకడు తక్కువయ్యాడని స్కోరు రాసుకుంటున్న నన్ను నువ్వు లోపలికి నెట్టిన రోజు నుంచీ జారుతూనే ఉంది. కర్నూలు వాళ్ల మీద నేను వదిలేసిన ఆ ఒక్క క్యాచ్‌ని నువ్వు పెళ్లిచూపుల్లో కూడా ఎత్తావు. "అమ్మాయి బాగుంది, తమ్ముడి చేతులే బాగాలేవు" అన్నావు. నువ్వు వెళ్లాక అక్క అడిగింది, "ఈయన చూడ్డానికి వచ్చింది నన్నా, నిన్నా" అని. నాన్న నవ్వలేక నవ్వాడు. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అల్లుడు ఏదో కర్రలాట ఆడతాడని చుట్టాలకు చెప్పేవాళ్లు.

ఆ కర్రలాటకే ఇప్పుడు ఏప్రిల్లో నీకు లైఫ్ మెంబర్‌షిప్ ఇస్తున్నారట. హారిక చెప్పింది. నువ్వు చెప్పవుగా. అనంతపురంలో అందరికీ కలిపి ఉన్న ఒక్క గ్లవ్వు వేసుకుని మొదలుపెట్టినవాడివి. ఈ దేశమొచ్చి పగలు డ్రైనేజీ ఇంజనీరువి, సాయంత్రం క్లబ్బు క్యాచర్‌వి. తర్వాత అమెరికా వాళ్లకు స్కౌట్‌వి. తర్వాత అసోసియేషన్‌లో ఆఫీసూ, కుర్చీ, బోర్డు మీటింగులూ. ఆ రోజు స్పీచ్ ఇవ్వమంటే రెండు వాక్యాలు చెప్పి దిగిపోతావని నాకూ ప్రణీతకూ పందెం.

సరే, అసలు సంగతి. చూస్తాను. నువ్వడిగితే కాదంటానా. కానీ నేను యూనివర్సిటీ ల్యాబులో ముప్పయ్యేళ్లు మట్టి చూసినవాణ్ణి, మనుషుల్ని చూసినవాణ్ణి కాదు. మట్టిని చూస్తున్నామని మట్టికి తెలియదు. నీ కూతురికి తెలుస్తుంది. ఏం చూడాలో, ఎలా చూడాలో విడమర్చి రాయి.

అది బాగానే ఉంది బావా. ఊరికే చెప్పడం లేదు.

పెరట్లో బీన్స్ తీగ గాలికి మళ్లీ పడిపోయింది. ఈ ఊళ్లో నేనొక్కణ్ణే గాలితో పోట్లాడుతున్నాను. మిగతావాళ్లు గాలిమరలు పెట్టుకున్నారు.

నీ బామ్మర్ది,
దామోదర్

* * *

టకానిని
24 ఫిబ్రవరి 2025

దామోదర్,

క్యాచ్ వదిలేశానని నువ్వు చెప్పక్కర్లేదు. నీ చేతులు లెక్కలోకి రావు. హారిక సంగతి చూడు.

ఎలా చూడాలో అడిగావు. స్కౌట్ ఆట చూడడానికి వెళ్లడు. ఆటలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ఆట మొదలు కాకముందు చూడాలి, అయిపోయాక చూడాలి. ఎదురుగా కూర్చోకూడదు. పక్కన ఎక్కడో కూర్చుని ఇంకేదో పనిలో ఉన్నట్టుండాలి. బంతిని అసలు చూడకూడదు.

టౌరంగాలో బంతి విసిరే ఒక పిచ్చర్‌ని చూడమని అమెరికా వాళ్లు పంపారు. ఆ రోజు అతని బంతిని ఎవరూ కొట్టలేకపోయారు. చప్పట్లే చప్పట్లు. ఆట అయ్యాక అతను బ్యాగు జిప్పు ఎడమచేత్తో లాక్కున్నాడు. కుడిచేతివాడు. వద్దని రాశాను. అందరూ నన్ను తిట్టారు. చలికాలం రాకముందే మోచేతికి ఆపరేషన్ అయింది. ఆ రోజు మీ అక్క కూడా వచ్చింది. కారెక్కాక, "అంత మంచి పిల్లాడిలో నీకు జిప్పు కనిపించిందా" అంది. అలాగే కనిపిస్తుంది నాకు. ఏం చేయను.

హారికలో ఇవి చూడు. ఊరికే కూర్చున్నప్పుడు వేళ్లు వాటంతటవే కదులుతున్నాయా. పాదం నేలమీద నిలుస్తోందా. కారణం లేకుండా కనుబొమలు లేస్తున్నాయా. కప్పు సాసర్లో పెట్టేటప్పుడు ఒకసారే తగులుతుందా, రెండుసార్లా. గుమ్మం దాటేటప్పుడు చెయ్యి గోడను వెతుక్కుంటోందా. పిలిస్తే పలకడానికి ఒక క్షణం ఆలస్యమవుతోందా. చిన్నదానికి కోపం వస్తోందా. మీ అక్కకు అన్నింటికంటే ముందొచ్చింది కోపం. చేతులు తర్వాత. మనం దాన్ని వయసనుకున్నాం.

తర్వాత ఏమవుతుందో రాయను. మింగలేకపోయేదాకా నువ్వూ చూశావు.

రెండు వాక్యాలే చెబుతాను. పందెం నువ్వే గెలుస్తావు.

రామలింగేశ్వరరావు

* * *

పామర్‌స్టన్ నార్త్
9 మార్చి 2025

బావా,

రిపోర్టు పంపుతున్నాను. స్కౌట్‌గా ఇది నా మొదటిదీ చివరిదీ.

నువ్వు చెప్పినట్టే ఎదురుగా కాకుండా పక్కన, వంటింటి స్టూలు మీద, పేపరు పట్టుకుని కూర్చున్నాను. హారిక బెండకాయలు తరుగుతోంది. కాసేపటికి కత్తి ఆపింది.

"మామయ్యా, నా మొహం మీద ఏమైనా రాసుందా?"

"లేదమ్మా. ముక్కలు సన్నగా వస్తున్నాయి, చూస్తున్నా."

"పేపరు తిరగేసి పట్టుకున్నావు."

కళ్లద్దాలు లేవన్నాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయి.

"నాన్న చెప్పాడు కదూ. ఫ్లాట్ బుష్‌లో ఉండే ఆశాజ్యోతి ఆంటీ ఎవరో డెంటిస్ట్ ఉన్నాడని మెసేజ్ పెట్టినప్పుడే అనుకున్నా. నన్ను ఆక్లాండ్ రప్పించే ప్లాన్ ఇది. నా మీద స్కౌటింగ్ వద్దని నాన్నకి చెప్పు. ఆ డెంటిస్ట్‌కి మొన్న పార్కు వీడియో కూడా పంపే ఉంటాడు."

నేను ప్రమాణం చేసి కాదన్నాను. నమ్మలేదు. కాబట్టి ప్రస్తుతం నువ్వు మీ అమ్మాయి దృష్టిలో డెంటిస్ట్ సంబంధం చూస్తున్న తండ్రివి. నేను ఆ సంబంధానికి దళారిని. నీ రహస్యం భద్రం.

బెండకాయ ముక్కలన్నీ ఒకే మందం. కప్పు ఒక్కసారే తగిలింది. పాదం నిలిచింది. గుమ్మం మధ్యలోంచి నడిచింది. పిలవకముందే పలుకుతుంది, అది చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. నా మీద కోపమొచ్చింది, దానికి నేనే కారణం. నువ్వు రాసినవాటిలో ఒక్కటంటే ఒక్కటి లేదు. అంతా బాగుంది.

ఒక్క మనవి బావా. అలాంటి ఉత్తరం ఇంకెప్పుడూ పంపకు. చదవడం నాకు చాలా కష్టంగా ఉంది. రెండు రోజులు టీ మానేశాను.

ఏప్రిల్ ఐదున నీ సభకు నేను రాలేనేమో. తప్పుగా అనుకోకు. స్టేజీ మీద నిన్ను చూడాలనే ఉంది.

నీ బామ్మర్ది,
దామోదర్

* * *

టకానిని
18 మార్చి 2025

దామోదర్,

నువ్వు ఏదో దాస్తున్నావు.

పన్నెండేళ్లు రిపోర్టులు రాశాను. ఇంకో పదేళ్లు ఆఫీసులో కూర్చుని ఇతరులు రాసినవి చదివాను. ఎవరైనా అంతా బాగుందని రాస్తే రెండే అర్థాలు. ఆట చూడలేదు, లేదా పిల్లాడి తండ్రి ఇంట్లో భోంచేశాడు. నువ్వు భోంచేసింది హారిక వంట.

అంతా బాగుంటే ఆ ఉత్తరం చదవడం నీకెందుకు కష్టమైంది? అందులో రాసిన ఏదో ఒకటి నువ్వు కళ్లారా చూశావు కాబట్టి.

హారిక మొదట ఏప్రిల్ ఐదుకు వస్తానంది. మొన్న ఫోన్ చేసి రాలేనంది. ఆ వారం హాస్పిటల్లో పనుందట. అది ఫార్మసిస్టు, శనివారం దానికి డ్యూటీ ఉండదు. ఏం పని అంటే, పనే నాన్నా అంది. నువ్వూ రాలేనన్నావు. ఇద్దరూ ఒకే వారం.

డెంటిస్ట్ సంగతి నాకు తెలియదు. ఆశాజ్యోతి గారితో నేనా మాటే ఎత్తలేదు. అలా అనుకుంటే అనుకోనీ.

నిజం రాయి. నేను తట్టుకోగలనా లేదా అన్నది నీ పని కాదు.

రామలింగేశ్వరరావు

* * *

పామర్‌స్టన్ నార్త్
27 మార్చి 2025

బావా,

నీ ఉత్తరానికి కోపం వచ్చింది. నాలుగు రోజులు ఆగి రాస్తున్నాను. చిన్నదానికి కోపం రావడం గురించి నువ్వేమన్నావో గుర్తుంది కాబట్టి ఆగాను.

హారికలో ఏమీ చూడలేదు. రాసింది నిజం. నేను రిపోర్టు రాయడం రానివాణ్ణి కావచ్చు, అబద్ధం రాసేవాణ్ణి కాదు. నువ్వలా గుచ్చి గుచ్చి చూస్తే ఎవరిలోనైనా ఏదో ఒకటి కనిపిస్తుంది. నీ చెయ్యి కూడా సంతకం పెట్టేటప్పుడు వణుకుతుంది, మొన్న సంవత్సరీకం రోజు చూశాను. నేనేమైనా నీ మీద ఎవరికైనా ఉత్తరం రాశానా?

అది ఆటగత్తె కాదు. దాన్ని ఏ జట్టుకూ ఎంపిక చేయక్కర్లేదు. వదిలెయ్.

నేను రాలేకపోవడానికి కారణం పెద్దదేం కాదు. కారు అమ్మేశాను. ఈ ఊరు బల్లపరుపుగా ఉంటుంది, బస్సుంది, కావాలంటే హారిక ఎక్కడికైనా దింపుతుంది. సైకిలు కూడా ప్రణీతకు ఇచ్చేశాను. అంత దూరం బస్సులో కూర్చునే ఓపిక నాకు లేదు. ఇంతే.

ఆదివారం ఉగాది. వేపపువ్వు ఎక్కడా దొరకలేదు, మెంతులు నానేసి చేదు చేస్తానంటోంది మీ అమ్మాయి. చేదుకి ఏదైతేనేం అంటుంది. నువ్వు ఆ రోజైనా బ్రెడ్ మానేసి అన్నం వండుకో.

నా మాట నమ్ము బావా. ఈ ఒక్క విషయంలో నమ్ము.

దామోదర్

* * *

టకానిని
7 ఏప్రిల్ 2025

దామోదర్,

శనివారం సభ జరిగింది. నా పేరు పిలిచేముందు టీ ఇచ్చారు. ఆశాజ్యోతి గారు వాళ్లబ్బాయిని తీసుకొచ్చారు, మా జూనియర్లలో ఆడతాడు. పలకరించారు. వాళ్ల తమ్ముడికి ఒంట్లో బాగోలేదని మొన్న మీ ఊరు వెళ్లారట.

"హారిక కనిపించింది అంకుల్, హాస్పిటల్లో. న్యూరాలజీ దగ్గర కూర్చుంది. ఒళ్లో ఫైలు. నేను పిలిస్తే ఉలిక్కిపడింది. డ్యూటీనా అంటే కాదు ఆంటీ, లీవు అంది. ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉందన్నాను.

అప్పుడు నా పేరు పిలిచారు. నేను ఆడిన క్లబ్బులూ, పంపిన ఆటగాళ్లూ, ఆఫీసులో చేసినవీ అన్నీ చదివారు. ఆ మనిషి ఎవరో అన్నట్టు విన్నాను. మైకు ముందు నిలబడ్డాను. ఒక్క మాట రాలేదు. ముసలాయన కదిలిపోయాడనుకుని అందరూ లేచి చప్పట్లు కొట్టారు. దిగి వచ్చేశాను.

ఇక దాచకు. నువ్వు మంచికే దాచావు. దానికి ఇచ్చిన మాట కోసం దాచి ఉంటావు. కోపం లేదు.

నాకు తెలియాల్సింది ఎంత వరకు వచ్చిందన్నదే. మీ అక్క విషయంలో మొదట తెలియకపోవడం వల్ల కొంత ధైర్యం ఉండేది. ఇప్పుడు ప్రతి మెట్టూ తెలుసు. స్పూను పట్టుకోలేకపోవడం తెలుసు. పేరు పిలవలేక కళ్లతో పిలవడం తెలుసు. మంచం పక్కన కూర్చుని మెతుకు మెతుకూ గొంతు దిగిందా అని చూడడం తెలుసు. పొద్దున లేచి ఆ గదిలోకి వెళ్లేముందు తలుపు దగ్గర ఆగేవాణ్ణి. లోపల ఊపిరి వినబడాలని ఆగేవాణ్ణి. కొన్ని రోజులు వినబడకూడదని కూడా.

ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పను. నేను రెండోసారి చేయలేను దామోదర్. నా కూతురికి కాబట్టి చేస్తాను. కానీ చేయలేను.

ఈ వారం బయలుదేరి వద్దామనుకున్నాను. వస్తే దాని ముందు ఏ మొహం పెట్టుకోవాలో తెలియక ఆగాను. నీ జవాబు వచ్చాక వస్తాను.

రామలింగేశ్వరరావు

* * *

పామర్‌స్టన్ నార్త్
15 ఏప్రిల్ 2025

బావా,

హారికకు ఏమీ లేదు. ఈ వాక్యం ఇంకోసారి చదువు. తర్వాత కూర్చుని మిగతాది చదువు.

ఆశాజ్యోతి గారు చూసిన ఫైలు నాది. ఆవిడ వచ్చినప్పుడు నేను టాయ్‌లెట్‌లో ఉన్నాను. ఇప్పుడు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి కొంచెం టైం పడుతుంది నాకు. లేకపోతే ఆవిడ నన్నే చూసేది, నువ్వు స్టేజీ మీద రెండు వాక్యాలైనా చెప్పేవాడివి, నేను పందెం గెలిచేవాణ్ణి.

కిందటేడు చలికాలం నుంచి ఎడమచెయ్యి నేను చెప్పింది ఆలస్యంగా వింటోంది. గ్లవ్వు మూసేలోపు బంతి దాటిపోతుంది. ఆ రోజు పార్కులో హారిక మొదటి బంతి నువ్వు నేర్పినట్టే విసిరింది, ఛాతీకి సూటిగా. అది నా భుజానికి తగిలింది. ప్రణీత అప్పటికింకా ఫోను తీయలేదు. హారిక ఒక్క నిమిషం నా వైపు చూసింది. అప్పటి నుంచి చెయ్యి సగంలో ఆపి, మెత్తగా, కిందుగా, నా గ్లవ్వు ఎక్కడుంటే అక్కడికే వేసింది. దాని చేతికి ఏమీ కాలేదు బావా. నేను పట్టుకోవాలని అలా విసిరింది. అయినా వదిలేశాను.

ఆ సాయంత్రం అదే నన్ను డాక్టర్ దగ్గరికి వెళదాం మామయ్యా అంది. రక్తపరీక్ష ఫలితం మార్చిలో వచ్చింది. అక్కకు వచ్చిన జబ్బే. ఏప్రిల్ మొదటివారం స్కానులూ, తర్వాత ఏం చేయాలనే మాటలూ. అందుకే ఇద్దరం రాలేకపోయాం. కారు అమ్మింది డాక్టర్ డ్రైవింగ్ వద్దన్నందుకు.

నీకు చెప్పొద్దని నేనే దానిచేత ఒట్టు వేయించుకున్నాను. "నాన్నకి తెలిస్తే ఊరుకోడు మామయ్యా, వచ్చేస్తాడు" అని ఏడ్చింది. అందుకే చెప్పొద్దన్నాను. అక్కకు నువ్వు ఏం చేశావో దగ్గరుండి చూసినవాణ్ణి. నీ ఉత్తరంలో రెండోసారి చేయలేనని చూశాను. తప్పేం లేదు. నువ్వు చేయక్కర్లేదు. నేను పెళ్లి చేసుకోలేదు, నాకు పిల్లల్లేరు, నా వైపు ఇది నాతో ఆగిపోతుంది. అది తలుచుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది. ఊరి చివర ఒక కేర్ హోమ్ ఉంది. హారికతో వెళ్లి చూసొచ్చాను. గది చిన్నది, వెలుతురు బాగుంది. అక్కడి నర్సు ఒకావిడ మలయాళీ, సాంబారు పెడతానంది.

భయం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నువ్వు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం డాక్టర్ కంటే వివరంగా ఉంది. వేళ్లు, పాదం, కనుబొమలు. ఒక్కొక్కటి చదివి అద్దం ముందు నిలబడేవాణ్ణి. హారికను చూడమన్నావు, నేను నన్ను చూసుకున్నాను. ఆ రిపోర్టు నీకు పంపలేదు, అంతే.

ఈ ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. హారిక రాసి పెడతానంది. నేనే రాస్తానన్నాను.

దామోదర్

* * *

టకానిని
22 ఏప్రిల్ 2025

దామోదర్,

కూర్చోలేదు. డబ్బా దగ్గర నిలబడే చదివాను.

హారికకు ఏమీ లేదన్నచోట నెమ్మది కలిగింది. తర్వాత నీ సంగతి చదివాను. అప్పుడు కూడా ఆ నెమ్మది పోలేదు. ఇంట్లోకి వచ్చి కవరు బల్లమీద పెట్టేదాకా ఉంది. హారిక కాకుండా నువ్వే అయినందుకు కలిగిన నెమ్మది అది. ఇది నీకు చెప్పకుండా మిగతాది రాయలేను.

నువ్వు నాగమణి తమ్ముడివి. తనకు మీ అమ్మానాన్నల్లో ఒకరి నుంచి వచ్చిందంటే ఆ సగానికి సగం లెక్క నీకూ ఉంది. డాక్టర్ ఆ రోజు ఆ మాట నీ మొహం చూసే చెప్పింది. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి తట్టలేదు. కూతురు, కూతురు అని ఒకవైపే చూశాను. కూర్చుని ఆ లక్షణాలన్నీ నీకే రాసి పంపాను. నీ చేతులు లెక్కలోకి రావని రాశాను.

వీడియో మళ్లీ పెట్టుకున్నాను. క్యాచర్‌గా ఉన్నన్నాళ్లూ విసిరేవాణ్ణే చూశాను, పట్టేచోట ఉండేది నేనే కాబట్టి. స్కౌట్‌గానూ విసిరేవాణ్ణే చూశాను. ఈసారి నిన్ను చూశాను. బంతి గ్లవ్వులో పడుతోంది. సరిగ్గా మధ్యలో పడుతోంది. నీ వేళ్లు తర్వాత మూసుకుంటున్నాయి. అంత కష్టమైన విసురు నేను ఎవరికీ నేర్పలేదు. అది ఎక్కడ నేర్చుకుందో తెలియదు.

హారికతో మాట్లాడాను. ఫోన్లోనే. డెంటిస్ట్ కాదని, ఎందుకు చూడమన్నానో చెప్పాను. విని, "ఇప్పుడు నువ్విక్కడికొస్తే మామయ్యను చూస్తూ నన్ను కూడా చూస్తావు. రోజూ. కదా నాన్నా" అంది. చూడనని చెప్పలేకపోయాను. చూస్తాను. కప్పు పెట్టిన ప్రతిసారీ నా చెవి అటే పోతుంది. అది ఆపడం నా వల్ల కాదు. కానీ అడగను అన్నాను. "సరే, అడగొద్దు" అంది. పరీక్ష ఇప్పటికీ వద్దంది. ఆ భయం దానితోనూ నాతోనూ ఉంటుంది.

బోర్డుకు రాజీనామా పంపాను. మీటింగులు ఇంకెవరైనా పెట్టుకుంటారు.

కేర్ హోమ్ వాళ్లకు ఇప్పుడే రావడం లేదని చెప్పు. ఎప్పుడు వెళ్లాలో మనం ముగ్గురం కూర్చుని అనుకుందాం. అప్పుడు నేను పట్టుబట్టి ఆపను. కానీ ఇప్పుడు కాదు.

రెండోసారి చేయలేనని రాశాను. అది అబద్ధం కాదు. ఇవాళా అంతే. చేయగలననుకుని వస్తున్నానని అనుకోకు. ఎలా చేయాలో తెలుసు కాబట్టి వస్తున్నాను. ఈ ఇంట్లో తలుపు దగ్గర ఆగి ఆగి అలవాటైపోయింది. అక్కడా ఆగుతాను. ఆగినా లోపలికి వస్తాను.

శుక్రవారం ఆన్‌జాక్ సెలవు, మోటర్‌వే నిండా కార్లుంటాయి. శనివారం పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతాను. పోస్టును నమ్మలేక ఇది కొరియర్లో పంపుతున్నాను.

నేను వచ్చేలోపు స్టవ్ మీద నుంచి వేడినీళ్లు నువ్వు దింపకు. గాజు గ్లాసులు కింది అరలోకి మార్చుకో. గుండీల చొక్కాలు పక్కన పెట్టు, టీషర్టులు తెస్తున్నాను. హాల్లో ఆ ఎర్ర రగ్గు హారికతో తీసేయించు. దాని అంచు కాలికి తగులుకుంటుంది.

రామలింగేశ్వరరావు